కాలువ కట్టేసిన నెల

కంపెనీ పుస్తకం అరవై నాలుగు పేజీలు.
పదకొండో పేజీలో గోళ్లు కత్తిరించడం,
ఇరవై మూడులో కోపమొచ్చిన కుక్కతో మాట్లాడే తీరు,
నలభై ఒకటిలో నెలకొక ఉచిత స్నానం, ప్రచారం కోసం.
కాలువ కట్టేసిన నెలకి పేజీ లేదు.

రాసినవాళ్లది హైదరాబాదు.
వాళ్లకి నీళ్లంటే కుళాయి.
ఇక్కడ ఏప్రిల్ దాటితే లాకులు దించేస్తారు,
కాలవడుగున తెగిన చెప్పులు, సీసాలు,
ఎవరిదో సైకిలు చక్రం ఎండకి తేలతాయి.
బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు.
ఆ నీళ్లలో లావెండరు షాంపూ నురగ కట్టదు,
పాలు విరిగినట్టు విరిగిపోతుంది.
మంచినీళ్ల టిన్ను పదిహేను రూపాయలు,
బొచ్చుకుక్కకి ఆరు టిన్నులు.
లెక్క మీరే వేసుకోండి.

మా బండి ఒకప్పుడు రొయ్యల ఐసు బండి.
గులాబీ రంగేయించి
పళ్లన్నీ కనిపించేలా నవ్వే తెల్లకుక్క బొమ్మ అతికించాం.
నల్లపూసలు తప్ప బంగారమంతా బ్యాంకులో పెట్టి
పేరు కొనుక్కున్నాం.
ఆయ్, పేరేనండి. కత్తెరా మనదే, చెమటా మనదే,
పేరు వాళ్లది, నూటికి పన్నెండు వాళ్లకి.
"మన పేరుకి ఎవరన్నా పావలా ఇచ్చారా అక్కా?"
అంటుంది తోడికోడలు నూకరత్నం,
స్టీరింగు మీద గడ్డం ఆనించి.

ఎండెక్కేసరికి బండి గోడల్లోంచి
పాత రొయ్యల వాసన లేస్తుంది.
అందుకే ఏ కుక్కా ఎక్కనని మొరాయించదు.
ఈ రహస్యం మేనేజరుకి చెప్పలేదు.
పదేళ్లు ఫ్యాక్టరీలో రొయ్య తలలు తీసిన వేళ్లు నావి,
మేత డీలరు గారి లాబ్రడారు
గోళ్లు తీయించుకోవడం మానేసి
వేలు వేలూ నాకుతుంది.
ఉండిలో ఒకరింట్లో మంచుదేశపు హస్కీ,
ఏసీ గదిలోంచి గుమ్మం దాటదు.
మా ఐసు గిన్నె చూసిన రోజు మాత్రం
పుట్టింటివాళ్లు కనిపించినట్టు
మెడ చాపి ఏడ్చింది.

ఆ సాయంత్రం కాళ్ల దాటాక
చెరువు గట్టు మీద చెయ్యెత్తి ఆపాడు కాపలా ఏలియా.
"మా దానికీ పోయండమ్మా ఒకసారి."
దాని పేరు జనరేటరు.
ఊరకుక్కో, గట్టుకుక్కో, చెవుల నిండా పిడుదులు.
ముప్పై ఏడు దాకా లెక్కపెట్టి మానేశాను.
ఫోనులో జాతి అడిగింది, పట్టీ కిందికి కిందికి లాగాను,
ఆ జాబితాలో గట్టు లేదు.
మూడు టిన్నులున్నాయి,
పొద్దున్నే డాక్టరు గారి పూడిలుకని దాచినవి.
నూకరత్నం నా వంక చూసింది.
నలభై ఒకటో పేజీ, అన్నాను.

రెండు టిన్నులయ్యాయి. తోక దాకా నురగ.
అప్పుడు పోయింది కరెంటు.
చెరువులో చక్రాలు ఒక్కొక్కటే ఆగాయి.
నిశ్శబ్దం.
నా చేతుల్లోంచి సబ్బులా జారి
బండిలోంచి దూకింది జనరేటరు.
గట్టు పొడుగునా తెల్లటి మచ్చ పరుగు,
మొరుగుడు, మొరుగుడు,
వెనక లుంగీ ఎగ్గట్టి ఏలియా,
పాక దగ్గర డీజిలింజను దగ్గి దగ్గి అందుకుంది,
చక్రాలు మళ్లీ నీళ్లు చిమ్మాయి.

"రాత్రిళ్లు నాకు నిద్ర పడుతుందమ్మా,"
వగరుస్తూ అన్నాడు, "దానికి పట్టదు."
పోయిన పంటకి ఎకరమంతా అదే బతికించిందట.
ఎవరి ఎకరమో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫోను మోగింది.
నలభై అయిదు నిమిషాలు దాటాయి, కారణం రాయండి.
ఏం రాస్తాం?
అది తిరిగొచ్చింది, తనంతట తనే.
సగం నురగ ఉప్పుగాలికి ఎండిపోయి, సగం బురద.
మెట్టెక్కి, ఇందాకటి చోటే నిలబడి
ఊఁ, కానీ, అన్నట్టు చూసింది.

మిగిలిన టిన్ను
నూకరత్నమే మూత తీసింది.