తెల్ల బేసిను

ఒరే ఢిల్లేశూ, ఫోను పెట్టీకు.
సిగ్గుమాలిన మాటే. అయినా ఇను.

మునుపు సీకటుండగానే సెంబట్టుకుని
జీడితోటల్లోకి ఎల్లేవోళ్ళం గదా.
ఏది ఎరుపో ఏది నలుపో ఎవులికెరిక?
మట్టి మింగీసీది.
పెరట్లో బాత్రూం కట్టించేక
ఆ తెల్ల బేసినే నాకు ముందు సెప్పింది.

నమ్మలేదు నాను.
ఆవకాయ తిన్నాను గదా అనుకున్నాను.
బల్లమీద పదిగంటలు కూకుంటే మొలలు రావా అనుకున్నాను.
కాశీబుగ్గలో పసరు మందు నలభై రోజులు మింగేను.
మిరపకాయ మానేను. ఎరుపు మానలేదు.

ఇరవయ్యేళ్ళై పప్పు ఏరతన్నాను.
గుండో, బద్దో, ముక్కో కళ్ళు మూసుకుని సెప్తాను.
సూదిమొనంత మచ్చుంటే పక్కకి నెట్టీస్తాను.
మేస్త్రీ నా పళ్ళెం మళ్ళీ సూడడు.
ఆ కళ్ళే
ఎనిమిది నెలలు ఇటు సూడమన్నాయి.

ఒళ్ళు సెప్తానే ఉంది.
ఎల్లొచ్చినా ఎల్లనట్టే ఉండేది.
సన్నంగా, తాడులాగ.
ఇది మీ బావకి అన్నం పెడతా సెప్తానేటి?
గాజులు మోచేతికి జారిపోతంటే
"పనెక్కువై" అంది పక్కబల్ల దాలమ్మ.
పలాస టేసన్లో వంతెన మెట్లు
మూడుసార్లు ఆగి ఎక్కేను.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
మన గున్నమ్మ కూతురంత పిల్ల, డాక్టరు,
"మోషన్లో రక్తం ఎన్నాళ్ళ నుంచి?" అని
బస్సు టైమడిగినట్టు అడిగింది.
అలా అడిగినందుకే ఏడుపొచ్చీసింది నాకు.

రేతిరంతా కడుపు కడిగే మందు. పొద్దున్న గొట్టం, కెమెరా.
టీవీలో నా లోపల
తడి తడి గులాబీ సొరంగం,
మలుపులో ఒక పుచ్చుపప్పు.
డాక్టరమ్మ కన్నా ముందు నానే ఏరేను.

కోతలూ సూదులూ, అవి నా గొడవ.
నీకు ఫోను సేసింది అందుక్కాదు.
"మీ ఇంట్లో ఇంకెవరికైనా?" అందా పిల్ల.
నాయిన గుర్తొచ్చేడు.
నలభయ్యారేళ్ళకి. కడుపులో గడ్డన్నారు, సేతబడన్నారు,
మందస ఎల్లి కోడిని కోసేం.
పంచెలు ఉతికిన అమ్మకి తెలుసురా.
నోరిప్పలేదు.

నీకిప్పుడు నలభయ్యొకటి.
నొప్పేటీ లేదంటావు. నాకూ లేదు.
రేపు నీళ్ళు పొయ్యకముందు
ఒక్కసారి ఎనక్కి తిరిగి సూడు.
ఏటీ లేపోయినా సరే,
ఓపీ సీటీ రాయించుకుని ఆ లైన్లో నిల్చో.
తోడు నానొస్తాను.

ఉన్నావేటి?
ఊఁ అనరా.