పల్చని బంక

పసుపు కాగితం మీద ఎర్ర సిరాతో
ఏవో గీతలు గీశాడు మంత్రగాడు.
"గుమ్మానికి అంటించండి, నక్క ఇక రాదు."
వెండి తీసుకున్నాడు, కోడిని కూడా.

బంక కాచేది నేనే కదా.

నక్క ఆడదై వచ్చి పీల్చేస్తోంటే
మా ఆయన చిక్కిపోతున్నాడట.
పరీక్ష తప్పిన ప్రతిసారీ చిక్కిపోతాడాయన.
అది ఆ గది గడప తొక్కితే ఒట్టు.

ఫెన్ నది గడ్డకట్టిన రాత్రి
నా పొయ్యి దగ్గరికే వచ్చింది.
తోక సర్దుకుని ఆడమనిషిలా కూర్చుంది.
నేను కాళ్ళ కట్లు విప్పుకుంటున్నాను.
చాలాసేపు చూసింది.
"ఏ ఉచ్చులో పడ్డావే?"

ఐదో ఏట, అన్నాను. అమ్మే బిగించింది.
ఏడుస్తూనే బిగించింది.

తన చెల్లెలు ఉచ్చులో చిక్కి
కాలు తనే కొరుక్కుని బయటపడిందట.
ఇంకేం చెప్పలేదు.
నా మడమ మీద వెచ్చగా ఊపిరి వదిలింది.

పిండి చిటికెడు, నీళ్ళు చెంబెడు.
"చిక్కబడిందా, వూనియాంగ్?" అత్తగారి కేక.
"ఆ, బాగా చిక్కబడింది."

పొద్దున కాగితం వాకిట్లో పడి ఉంది, మంచులో.
ఎర్ర గీతల మీద ఒక అడుగు.
నాలుగు వేళ్ళు,
వేటికవి విడిగా.