మేక పేరు లేని జాబితా

గోడ లేని జీవి అది.
సాటి బాక్టీరియాలకున్న పాటి పెంకు కూడా లేదు,
గోడలు కూల్చే మందులకు
దానింట్లో పనే దొరకదు.
దాని ఆస్తంతా పది లక్షల అక్షరాలు.
నా పాత ఫోన్‌లో ఒక ఫోటో అంత బరువుండదు.
దానితోనే
మైకోనాలో మా అత్త లోఖో మందలో సగాన్ని
దగ్గించి దగ్గించి పడగొట్టింది.

నా పేరు దిరాము.
పొద్దున పుట్టినదాన్నని పెట్టారు.
పని మాత్రం రాత్రిళ్ళే, కాబేటెలో,
ఇంటర్నెట్ కాస్త ఖాళీ అయ్యాక.

ముందు పైపొర మీద కనబడే వాటినే ఉంచాను,
లోపల దాక్కున్నవి నాకు పనికిరావు.
మేక ఒంటివాటిని పోలినవి తీసేశాను,
శత్రువని చెప్పి
సొంత ఊపిరితిత్తి మీదికే దండు కదిలితే ఎలా?
విషమయ్యేవీ పోయాయి, దద్దుర్లు తెచ్చేవీ పోయాయి.
ఎనిమిది వందల ప్రోటీన్లు
చేటలో తాలులా ఎగిరెగిరి
చివరికి నలభై ఒకటి.

అప్పుడు ప్రోగ్రాం అడిగింది: ఏ జంతువు?
చిన్న బాణం నొక్కితే జాబితా జారింది.
మనిషి. ఎలుక. కోతి. చింపాంజీ.
పంది. ఆవు. కుక్క.
ఇంకా కిందికి జరిపాను.
కింద ఏమీ లేదు.

ఆవు అని నొక్కాను.
అక్క పాదం కొలిచి
చెల్లెలికి చెప్పులు కుట్టినట్టు.
'మీ పని వరుసలో రెండు వందల పన్నెండవది' అంది తెర.

అత్త పద్ధతి వేరు.
మేక పక్కటెముకల మీద చెవి ఆనించి కళ్ళు మూసుకుంటుంది.
తడి తోలుసంచిలో గులకరాళ్ళు కదిలినట్టుంటే
'సొంబా' అంటుంది.
ఊపిరితిత్తికీ, ఆ రోగానికీ
మా దగ్గర అదొక్కటే మాట.
చచ్చినదాన్ని కోసి చూపించింది ఓసారి:
ఒక వైపు ఊపిరితిత్తి ఎముకలకు అతుక్కుపోయి
చుట్టూ ఎండుగడ్డి రంగు నీళ్ళు.
రెండో వైపుది శుభ్రంగా, గులాబీ రంగులో,
పక్కింటి గొడవ తనకేం తెలీనట్టు.

అర్ధరాత్రి ఫోన్ చేసింది.
"దొరికిందా?"
"ముక్కలు దొరుకుతున్నాయత్తా. తొమ్మిదేసి అక్షరాలవి."
"ఎక్కడ పొడుస్తారు? మెడకా, తొడకా?"
"ఇప్పుడే పొడవరు. అవింకా లెక్కలే.
తయారు చేయాలి, ఎలుకల్లో చూడాలి, తర్వాత..."
"తర్వాత నేనుంటానా?"
చాల్బీ ఉప్పునేల మీది గాలి ఫోన్‌లో వినబడింది.
మధ్యలో ఒక దగ్గు.
మనిషిదో మేకదో అడగలేదు.

ఏదో ఒకటి చెప్పాలని
జాబితాలో మేక లేదని చెప్పాను.
ఆవు అని రాశానని కూడా.
నవ్వింది. మంద పోయాక ఇదే మొదటిసారి.
"ఆవుకి గడ్డం మొలిపించావన్నమాట!"
నవ్వి నవ్వి ఆగి,
"చెవి చిరిగిన బూడిదరంగుది గుర్తుందా?
దాని తల్లి పోయింది, ఇద్దరు పిల్లలూ పోయాయి.
అది మాత్రం నెలరోజులు దగ్గి, లేచి, మేతకెళ్ళింది.
ఆ తర్వాత రెండుసార్లు మంద మూలిగినా
దానికి తుమ్మైనా రాలేదు.
మీ కంప్యూటర్‌కి మేకంటే తెలీకపోతే
దీన్నడగమను."

నేను చదివిన చదువులో
ఈ వాక్యం ఎవరూ ఇంత పొట్టిగా చెప్పలేదు.

తెల్లవారకముందే మార్సబిట్ బస్సు.
ఒళ్ళో ఐసు డబ్బా,
డబ్బాలో పన్నెండు ఖాళీ గాజు గొట్టాలు.
ఇసియోలో దాటాక సిగ్నల్ వచ్చింది:
మీ పని పూర్తయింది.
ఏడు ముక్కలు.
ఆవనుకుని ఎంచిన ఏడు.
పారేయను, నమ్మను.
రుమాల్లో మూటకట్టి ఉంచుకుంటాను.

గొట్టం మీది చీటీలో
జంతువు అన్నచోట పెన్ను పెట్టాను.
బస్సు గుంతలో పడి
అక్షరం వంకరపోయింది.
అయినా చదవొచ్చు.
మేక.