గాలి తీయడం

చిలకలూరిపేట నుంచి పత్తి వేసుకొచ్చిన లారీ.
బానెట్టు ఎత్తితే ఫ్యాను బెల్టు కింద
గ్రీజు ముద్ద ఒకటి మూలిగింది.

కాటన్ వేస్టుతో బయటికి తీశాను.
గ్రీజు కాదు, నల్లటి పిల్లికూన.
ముందుకాళ్ళు నా బొటనవేలిని పట్టుకున్నాయి,
వెనకకాళ్ళు ఇంకెవరివో అన్నట్టు వేలాడాయి.

"కాలవలో వదిలెయ్ నాగూరు మేస్త్రీ, పుణ్యముంటది"
అన్నాడు టీకొట్టు ఏసోబు.
పుణ్యం సంగతి తర్వాత చూద్దామని
పానాల పెట్టె ఖాళీ చేసి బనీను గుడ్డ పరిచాను.

రెండో రోజుకి పొట్ట బిగిసింది.
తాగిన నీళ్ళు తాగినట్టే ఉన్నాయి,
ఒక్క చుక్క బయటికి రాలేదు.

పశువుల ఆస్పత్రిలో రెండు గేదెలూ
ఒక పందెం పుంజూ అయ్యాక మా వంతు.
డాక్టరమ్మ ముందు నా చేతులు చూసింది, తర్వాత కూనని.
"సబ్బుతో కడుక్కురండి. మోచేతుల దాకా."

నడుం దగ్గర నరం నలిగిందట.
తిత్తి నిండుతుంది గానీ
వదలమనే కబురు అక్కడిదాకా పోదు.
రోజుకి మూడుసార్లు నేనే ఆ కబురు కావాలి.
నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి వెతికించింది:
పక్కటెముకలు అయిపోయాక, ఇంకాస్త కింద,
నిమ్మకాయంత. దొరికిందా?
దొరికింది.
"పిండకండి. ఒత్తి, ఆగండి. అది ఒప్పుకోవాలి."

ముప్పై రెండేళ్ళుగా ఈ ఆటోనగర్‌లో
కారేవాటిని ఆపి బతికినవాణ్ణి.
రేడియేటరు, గేరుబాక్సు, డీజిలు ట్యాంకు,
ఏదో ఒకటి కారితేనే నాకు అన్నం.
ఇప్పుడు రోహిణికార్తె మధ్యాహ్నం, రేకుల షెడ్డులో
గొంతుక్కూచుని
కారడం కోసం చూస్తున్నాను.

మొదటి పూట రాలేదు. రెండో పూట కరిచింది.
అప్పుడు గుర్తొచ్చాడు సిలార్ మేస్త్రీ,
బ్రేకు పైపులో గాలి తీయడం నేర్పినవాడు.
"తొక్కి పట్టుకోరా, నేను నిపిలు వదుల్తా.
మధ్యలో కాలు తీశావా, ఘాట్‌లో పోయేది నువ్వు కాదు, డ్రైవరు."
తొక్కి పట్టుకున్నట్టే పట్టుకున్నాను.
లేత్ మిషను ఆగి మళ్ళీ మొదలైంది.
వేళ్ళ కింద ఏదో సడలింది.
వెచ్చగా, కాస్త ఎర్రగా,
టీ గ్లాసులో పావువంతు.

సిలార్ మేస్త్రీ పోయేముందు
గుంటూరు పెద్దాస్పత్రిలో ఉన్నాడు.
అరడజను బత్తాయిలు పట్టుకెళ్ళి
మంచం పట్టీకి వేలాడే సంచి వైపు చూడకుండా
కిటికీతో మాట్లాడాను.
"నిండిందిరా, ఎవర్నన్నా పిలు" అన్నాడు.
పిలవడానికని బయటికొచ్చి
బస్టాండులో తేలాను.
ఈ మాట జాన్‌బీకి కూడా చెప్పలేదు.

"నీ పిల్లలకి ఒక్కనాడు గుడ్డ మార్చావా?" అంటూనే
పాత లుంగీ నాలుగు ముక్కలు చేసి ఇచ్చింది జాన్‌బీ.
గోరువెచ్చని నీళ్ళు, తడిగుడ్డ, తోక కింద తుడవడం,
పొద్దున, మధ్యాహ్నం, షట్టరు దించేముందు.
కుర్రాళ్ళు ముక్కు మూసుకున్నారు,
డీజిలు వాసన పీల్చే ముక్కులు!

మృగశిర చినుకులు పడ్డ రోజు
చాప మీద బిల్లుబుక్కు తెరిచి పెట్టి
జాకీ కోసం లేచాను.
తిరిగొచ్చేసరికి పేట లారీ బాకీ
ఆరువేల నాలుగొందలు
నీలంగా వరదలై పారుతోంది,
పక్కన వంకర నడుముతో, నా మొహంలోకి చూస్తూ గ్రీజు.

"ఏసోబూ, ఇటు రా, చూడు!"
చూశాడు. "ఏముంది, ఉచ్చ."
"ఉచ్చేరా!" అన్నాను.
ఆ వరస మొత్తానికి టీ చెప్పాను.

లారీ ఓనరొచ్చి లెక్కడిగితే
కాగితం ఇంకా తీగమీద ఆరుతోంది.
నీకెంత గుర్తుంటే అంత ఇవ్వమన్నాను.
నాలుగువేలు గుర్తుంది ఆయనకి.

ఇప్పుడు పరిగెత్తుతుంది, ఒక పక్కకి ఒరిగి,
అలైన్‌మెంటు పోయిన బండిలా. అది నాకు రాని పని.
రాత్రి తాళం వేసేముందు
అలవాటుగా వేళ్ళు పొట్ట కిందికి పోతాయి.
ఖాళీగా, మెత్తగా ఉంటుంది.
అయినా చెయ్యి అక్కడే ఉంచుతాను,
అది కరిచేదాకా.