ఆరొందల సార్లు

ఆటోనగర్ నూరడుగుల రోడ్డు పక్క సందులో
మా లేతు షెడ్డుకి బోర్డు లేదు.
బుష్‌లు, పిన్నులు, అరిగిన షాఫ్టులు,
ఇవే మా బేరాలు.
ఆ వేసవిలో సువార్తమ్మ టీచరు
గొడుగు మడిచి లోపలికొచ్చి
నలభై పాచికలు కావాలంది.
"కొట్లో దొరికేవి వంకరవి. లెక్కల క్లాసుకి పనికిరావు."
లారీ పని తప్ప ఎరగని మౌలాలి మేస్త్రీ
బీడీ చెవి మీద దోపుకుని
సరేనన్నాడు.

తెల్ల నైలాన్ కడ్డీ చక్‌లో బిగించాను.
పొట్టు రిబ్బనులా లేచి
మోచేతికి చుట్టుకుంది, గోరువెచ్చగా.
పదహారు మిల్లీమీటర్లు, ఆరు ముఖాలు.
వెర్నియర్ పెట్టి చూస్తే ఒక వైపు
వెంట్రుకలో సగం తక్కువ.
"పొట్టి వైపు ముందు కూలబడుద్దిరా,"
అని అవతల పారేయించాడు మేస్త్రీ.
అట్లా తొమ్మిది పారేశాం.

ఒకటికెదురు ఆరు, రెండుకెదురు అయిదు,
మూడుకెదురు నాలుగు, ఎటు కలిపినా ఏడు.
అష్టాచెమ్మాకి చింతపిక్కలు అరగదీసిన మా అమ్మకీ
ఇంతవరకు తెలుసు.
నాకు తెలియనిదల్లా
డ్రిల్లు బిట్టు తినే తిండి.
ఆరు గుంటలు తవ్విన ముఖం తేలిక,
ఒక్క గుంట ముఖం బరువు.
బరువు నేలని వెతుక్కుంటుంది.

టీచరు ఆరు గళ్ళు గీసిన నోట్సు ఇచ్చింది.
"ఆరొందల సార్లు వెయ్యి బాబూ. పడ్డప్పుడల్లా గీత పెట్టు."
కరెంటు పోయిన మూడు మధ్యాహ్నాలు
పాత లారీ సీటు రెగ్జిన్ పరిచి దొర్లించాను.
చెమట గీతల మీద పడి ఇంకు పాకింది.
ఆరు: నూట ఇరవై నాలుగు.
ఒకటి: డెబ్బై తొమ్మిది.

గాజు గ్లాసులో ఉప్పు దండిగా కలిపి
అందులో వేశాను. మునగలేదు.
వేలితో ఎటు తిప్పి వదిలినా
ఊగి ఊగి
ఆరు కళ్ళతో నన్నే చూసింది.

మేస్త్రీ టూల్ డబ్బా అడుగునుంచి
గ్రీజు గుడ్డ మూట విప్పాడు.
ఇత్తడి పాచిక.
పదిహేనేళ్ళ కిందట ఎవరో తెల్లచొక్కా
బాకీ కొట్టేసి చేయించుకున్నాడట, లోపల సీసం పోసి.
"జత చేశా. ఒకటిచ్చా.
రెండోది ఇవ్వబుద్ధి కాలా."
రెగ్జిన్ మీద వేశాడు. ఆరు.
మళ్ళీ వేశాడు. ఆరు.
"దీని కడుపులో దొంగతనం ఉంది.
నీ దాని కడుపులో ఏమీ లేదు.
రెండూ ఆరే చూస్తన్నయ్, చూడు."
అది ఎవరి ఇల్లు ముంచిందని అడగబోయాను.
బీడీ వెలిగించుకుని రోడ్డు మీదకి పోయాడు.

ఈసారి ఆరు వైపు గుంటలు
గోటి మొనంత లోతే.
ఒకటికి పెద్ద బిట్టు పెట్టాను,
ఒంటికన్ను లారీలా తయారైంది.
మళ్ళీ ఉప్పునీళ్ళు: తిరుగుతూనే ఉంది,
ఎక్కడ ఆగాలో తేల్చుకోలేక.
మళ్ళీ ఆరొందలు:
నూట నాలుగు, తొంభై మూడు, నూట పన్నెండు,
తొంభై ఎనిమిది, తొంభై ఆరు, తొంభై ఏడు.
"మూడు ఎక్కువొచ్చింది టీచర్," అన్నాను
తప్పు చేసినవాడిలా.
నోట్సు తిప్పి చూసి నవ్వింది.
"అన్నీ సరిగ్గా వందొచ్చుంటే
నిన్ను అనుమానించేదాన్ని."

నలభై వెళ్ళిపోయాయి.
నలభై ఒకటోది షెడ్డులోనే ఉంది,
సాయంత్రం టీ డబ్బులు ఎవరివో చెప్పడానికి.
తక్కువ పడ్డవాడు ఇవ్వాలి.
సోమ, మంగళ, బుధ, గురువారాలు
నేనే ఇచ్చాను.
"నిన్ను చేసింది నేనే గదే," అని తిడితే
మేస్త్రీ పొలమారేట్టు నవ్వాడు:
"నువ్వెవరో దానికి తెలీకుండానే గదరా చేశావ్."

ఇవాళ నా వంతు వేస్తే
బల్ల అంచు దాటి నైలాన్ పొట్టులో పడింది.
తెలుపులో తెలుపు.
మేస్త్రీకి పడింది రెండు.
టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద వంగి అరుస్తున్నాడు,
"ఎవురూ చెయ్యి పెట్టమాకండి!
ఎట్టా పడిందో అట్టానే చూడాల."
టీ కుర్రాడు గ్లాసులు పట్టుకుని
గుమ్మంలో నిలబడ్డాడు.