ప్లస్ రెండున్నర

ఆరునెలలు నేల, ఆరునెలలు నీళ్లు.
సునామ్‌గంజ్ హావొర్‌లో క్యాలెండరంటే అంతే.
నీళ్ల నెలల్లో మా మఠం బడి పడవెక్కుతుంది.
నల్లబల్లకి కొక్కెం, సుద్దముక్కలకి పాలిథిన్ సంచి,
హాజరుపట్టీ తొఫజ్జల్ తలపాగాలో.
తెడ్డు వేస్తూనే అతను
పదమూడో ఎక్కంలో నా తప్పు దిద్దుతాడు.

మిట్ట మిట్టకీ ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటాం.
రుక్షానా నెత్తిన గిన్నె బోర్లించుకుని వస్తుంది,
లెక్కల పుస్తకం దాని కింద.
వాన గిన్నె మీద పడుతుంది, భాగహారాలు తడవవు.
మధ్యాహ్నం కిచిడీ కూడా అదే గిన్నెలో.

శుక్రవారం బడికి సెలవు.
అదే పడవ ఆస్పత్రి.
మందుల పెట్టె పక్కన ఒక బిస్కెట్ల డబ్బా,
దాన్నిండా కళ్లద్దాలు:
ఎక్కడెక్కడో ఎవరెవరో పోయాక
ఇంట్లోవాళ్లు పారేయలేక పంపినవి.
ఒకదాని కాడకి దారం చుట్టి ఉంది.
ఒకదాని అద్దం మీద ఇంకా వేలిముద్ర.
దాన్నే చూస్తూ కూర్చుంటే అమియ మహరాజ్ వచ్చారు.
అనిత్యం గురించి ఏదో చెబుతారనుకున్నాను.
"సబ్బుతో కడుగు, ఊరికే తుడిస్తే పోదు" అన్నారు.

జొబేదా ఖాతూన్ వలలు అల్లుతుంది.
రెండేళ్లుగా ముడులు కళ్లకి ఆనడం లేదట,
వేళ్లతో తడిమి చూసుకుంటోంది.
అక్షరాల అట్ట పైకెత్తాను.
నవ్వింది.
"అవి నాకెందుకు నాయనా, సూది ఇవ్వు."
'చదవగలిగిన వరుస' అన్న గడి దగ్గర
నా పెన్ను ఆగిపోయింది.

మొదటి జత. "పొగ" అంది.
రెండో జత. "వాన."
మూడోది, ప్లస్ రెండున్నర,
పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.
చేతులు చూసుకుంది, ముందూ వెనకా,
ఎవరివో తెచ్చి ఒళ్లో పెట్టినట్టు.
"ఎప్పుడు ముసలయ్యారే మీరు!" అని వాటినే అడిగింది.

కాడ సరిచేయడానికి మహరాజ్ వంగారు.
ఆయన భుజం ఆమె కళ్లకి జానెడు దూరం.
కాషాయం మీద చిరుగు.
పొద్దుట్నించీ పదిమందిమి చూస్తూనే ఉన్నాం,
అంటే, మా కళ్లు అటు తిరుగుతూనే ఉన్నాయి.

"తీసివ్వు" అంది.

ముప్పయ్యేళ్లుగా బియ్యం, దుప్పట్లు, పలకలు పంచిన మనిషి,
పెట్టే చెయ్యే తప్ప చాచడం తెలియని మనిషి,
ఏం చెయ్యాలో తోచక
నావైపు చూశారు, తొఫజ్జల్ వైపు చూశారు.
అతను ఒడ్డు లేని నీళ్ల వైపు చూశాడు.
ఉత్తరీయం తీసి, మడిచి,
రెండు చేతులతో అందించారు.

నల్లటి వలదారంతో కుట్టింది.
పెద్ద చేప కొట్టుకున్నా జారని ముడి.
పళ్లతో తుంచి
"ఇది నా కంటే ఎక్కువ కాలం ఉంటుంది" అంది.

రాత్రి లాంతరు కింద రిజిస్టరు రాశాను.
కళ్లద్దాలు పదకొండు. జ్వరాలు ఇరవైతొమ్మిది.
చివర్లో 'అందిన విరాళాలు' అని ఒక పేజీ ఉంటుంది.
అందులో రాశాను:
జొబేదా ఖాతూన్. కుట్టు, నాలుగంగుళాలు.

సంతకం పెట్టబోయిన మహరాజ్ అక్కడ ఆగారు.
కొట్టేస్తారనుకున్నాను.
భుజం మీద వేలితో కొలుచుకుని,
నాలుగు కొట్టేసి
అయిదు వేశారు.