ముదురు ఆకుపచ్చ

హల్ ఊళ్ళో, హంబర్ నది మీంచి వచ్చే గాలి
కిటికీ అద్దాన్ని మోచేత్తో పొడుస్తుంటుంది.
మూడో అంతస్తు. మా కంపెనీ బాయిలర్లు చేస్తుంది.
నేనెప్పుడూ ఒక్క బాయిలర్నీ ముట్టుకోలేదు.
వాటి మీద జనానికుండే కోపాన్ని మాత్రం
వారానికి అయిదు రోజులు తెర మీద తూకం వేస్తుంటాను.

వేసేది నేను కాదు నిజానికి, యంత్రం.
ఎవరు ఎక్కడ మా పేరెత్తినా
గింజ చూసిన పిచ్చికలా దిగి ముక్కున కరుచుకొస్తుంది.
రంగు పూస్తుంది:
మెచ్చుకుంటే ఆకుపచ్చ, తిడితే ఎరుపు,
ఎటూ తేలకపోతే బూడిద.
సోమవారం పొద్దున ఆ రంగుల్ని గుండ్రటి రొట్టెలా ముక్కలు కోసి
డెరిక్ పై అంతస్తుకి పట్టుకెళ్తాడు.
పచ్చముక్క పెద్దదైతే ఆ వారం అందరికీ డోనట్లు.

నాకు పన్నెండు జవాబులిచ్చారు.
"మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం" ఒకటో నంబరు.
పదకొండోది లాయరు చూశాకే.
పన్నెండోది ఎవరైనా పోతేనే, ఇంకా వాడలేదు.
చివర సంతకం ఒక్క అక్షరం, కె.
కాత్యాయని అంటే చోటు చాలదట.

ఇక్కడి మాట నాకు తొందరగానే అలవడింది.
"నాట్ బ్యాడ్" అంటే బ్రహ్మాండమని.
మా వైపు పెళ్ళిభోజనం తిని చెయ్యి కడుక్కుంటూ
"పర్లేదు" అంటారే, అదే.
యంత్రానికి మాత్రం అది బూడిద.

డిసెంబరు మూడో వారం. ఎనిడ్ హార్డ్‌కాసిల్ అనే ఆవిడ రాసింది:
"ఎంత గొప్ప బాయిలరండీ! వెన్న ఇప్పుడు ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు."
ఆకుపచ్చ.
మర్నాడు: "మీ దయవల్ల మా ఆయన ఓవర్‌కోటు
తొమ్మిదేళ్ళకి బీరువాలోంచి బయటికొచ్చింది. ధన్యవాదాలు."
ఆకుపచ్చ.
మూడోనాడు: "పిల్లి నన్నింతగా ప్రేమిస్తుందని మీ వల్లే తెలిసింది.
పొట్ట మీంచి దిగడం లేదు."
ముదురు ఆకుపచ్చ. పక్కనో నక్షత్రం.
పోస్టరు మీద వేసుకోవచ్చా అని
మార్కెటింగ్ వాళ్ళు అడిగారు.

నవ్వాను మొదట. ఒప్పుకోవాలి.
తర్వాత లెక్కేశాను: మూడు రాత్రులు, బయట మైనస్ నాలుగు.
ఎరుపైతే గంటలో మనిషి వెళ్తాడు.
ఆకుపచ్చకి ఆరో నంబరు వెళ్తుంది:
"మీ మాటకు మా బృందమంతా మురిసిపోయింది!"
వెళ్ళింది కూడా, తనంతట తనే,
మూడుసార్లు.

డెరిక్‌కి చెప్పాను: "మా భాషలో
దేవుణ్ణి తిడుతూ పొగిడితే నిందాస్తుతి.
ఈవిడ ఆ చొక్కానే తిరగేసి తొడుక్కుంది."
డెరిక్ మంచివాడే. తల గోక్కున్నాడు.
"అలాంటి గడి లేదు, కె. టికెట్ పెట్టు,
లీడ్స్ వాళ్ళు మంగళవారం చూస్తారు.
అయినా నెలాఖర్లో పచ్చని ఎరుపు చెయ్యమని
ఎవరడుగుతారు?"

ఏ నంబరూ లేని జవాబొకటి కొట్టాను.
"ఎనిడ్ గారూ, ఇంట్లో ఎన్ని డిగ్రీలు?
కాత్యాయని."
చోటు సరిపోయింది.
"తొమ్మిది. నాట్ బ్యాడ్."

ఆ రెండు మాటలూ చాలాసేపు చూశాను.
వచ్చనుకున్న భాషే.

డిపోలో టెర్రీకి నా సొంత ఫోన్ నుంచి చేశాను.
శాండ్‌విచ్ నముల్తూ అడ్రసు రాసుకున్నాడు.
ఏదో వాల్వు, పావుగంట పని.

సాయంత్రం అయిదింటికి ఎనిడ్:
"దండగమారి కంపెనీ. మీరు పంపిన కుర్రాడు
ఒక్క బిస్కెట్టయినా ముట్టకుండా పారిపోయాడు.
వెన్న కారిపోతోంది.
పిల్లి దిగి వెళ్ళిపోయింది, ద్రోహి.
ఆ పొడుగు పేరమ్మాయిని అస్సలు క్షమించను."

తెరంతా ఎరుపు.
గంటలోగా మనిషిని పంపమని
యంత్రం ఒకటే మొత్తుకోవడం.